ఎర్రదీపం చెప్పిన దాహం

స్టేడియం వెనక వీధి,
చలి తగ్గుతున్న రోజులు

ఉమ్మి డాక్టరు గారికి,

బావ ఆశీస్సులు. కోప్పడకు. నువ్వు ఏం ఉద్యోగం చేస్తావని మా పరుగుల క్లబ్బులో ఎవరడిగినా నేనిలాగే చెబుతున్నాను. "మా మరదలు జనం ఉమ్మిని సీసాల్లో పట్టి దాస్తుంది, దానికి జీతం కూడా ఇస్తారు" అంటే ఒక్కడూ నమ్మడు.

ఫోన్ చెయ్యకుండా ఉత్తరమేమిటంటావా? పరుగుపందెం మొదలుపెట్టే తుపాకీ ఇన్నేళ్లుగా నా చెవి పక్కనే పేలి పేలి, ఇప్పుడు ఫోన్లో ఎవరు మాట్లాడినా ఈగలు ముసిరినట్టే ఉంటుంది. మొన్న నువ్వు "అమ్మకి బాగాలేదు" అంటే నేను "అమ్మకం బాగాలేదు" అని విని, ఏం అమ్ముతున్నావమ్మా అని అడిగాను. మీ అక్క నా చేతిలోంచి ఫోన్ లాగేసుకుంది. అప్పట్నుంచి మన మధ్య కాగితమే మేలని తీర్మానించుకున్నాను.

అసలు సంగతి. మా క్లబ్బువాళ్లు ఓ చిన్న మిషను కొన్నారు. సిగరెట్ లైటరంత ఉంటుంది. చివర ఓ కాగితప్పుల్ల పెట్టి నాలుక మీద ఆనిస్తే కాసేపటికి దీపం వెలుగుతుంది. ఆకుపచ్చైతే ఒంట్లో నీళ్లు సరిపడా ఉన్నట్టు. ఎరుపైతే ఎండిపోతున్నట్టు. పరిగెత్తేవాళ్లని ఆపి అక్కడికక్కడే చూడొచ్చట. నీ పరీక్షలు కూడా ఇలాంటివాటి మీదే కదా. దీన్ని నమ్మొచ్చా?

ఎందుకడుగుతున్నానంటే మీ అక్క, ఆ డ్రైవరమ్మ సంగతి నీకు తెలుసు. బస్సెక్కితే దిగేదాకా చుక్క నీళ్లు ముట్టదు. అవతలి డిపోలో ఆడవాళ్లకున్నది ఒకటే గది, దానికి గొళ్లెం లేదు. తాగితే కదా వెళ్లాల్సిన బాధ, తాగకపోతే ఏ గొడవా లేదంటుంది. ఆ పుణ్యమే కిడ్నీలో రాయి. నొప్పితో మంచంకోడు పట్టుకుని వంగిపోయిన రోజు నువ్వూ ఉన్నావుగా. ఇప్పుడా మహాతల్లికి మారథాన్ పరిగెత్తాలని పుట్టింది. నలభై దాటాక పుట్టిన కోరిక, ఆపితే ఆగదు. పైగా ట్రైనర్ని ఇంట్లోనే పెట్టుకుంది. నీళ్ల దగ్గరే నాకు బెంగ.

బావ

(కింద వేరే చేతిరాత)
చెల్లీ, మీ బావ పొద్దున్నే లేచి నా నాలుక చూస్తున్నాడు. పెళ్లైన కొత్తలో నా మొహం కూడా ఇంత పరీక్షగా చూడలేదు. ఆ మిషను పాడైపోయిందని రాసెయ్యవే, నీకు పుణ్యముంటుంది.


ల్యాబ్, కింది అంతస్తు,
మధ్యాహ్నం

బావకి,

ఉమ్మి డాక్టరు నమస్కారాలు. అమ్మకం బాగానే ఉంది, అమ్మ ఇంకా బాగుంది. మోకాలి నొప్పి తగ్గి మళ్లీ నా వంటకి వంకలు పెడుతోంది.

మీ చేతిలో ఉన్నటువంటి మిషనే ఇక్కడ మా బల్ల మీదా ఉంది. మేం చేసే పని ఇది: వేడి గదిలో మనుషుల చేత సైకిలు తొక్కిస్తాం. ముందూ వెనకా తూకం వేస్తాం, రక్తం తీస్తాం, ఉమ్మి పడతాం. మిషను చెప్పింది ఆ రక్తంతో, ఆ తూకంతో కలుస్తుందా లేదా అని చూస్తాం. ఇప్పటిదాకా తేలిందేమిటంటే, అందర్నీ కలిపి సగటు తీస్తే మిషను చెప్పేది నిజమే. ఒళ్లు ఎండేకొద్దీ ఉమ్మి చిక్కబడుతుంది. కానీ ఒక్కో మనిషినీ విడిగా కూర్చోబెడితే తడబడుతుంది. ఒక పోస్ట్‌మ్యాన్ రెండు కిలోల చెమట కార్చి సైకిలు దిగాడు, ఆకుపచ్చ చూపించింది. ఒక టీచరమ్మ పరీక్షంటే భయంతో నోరెండిపోయి కూర్చుంది, పెడలు మీద కాలు పెట్టకముందే ఎరుపు చూపించింది. నోటితో గాలి పీల్చినా, ఇందాకే ఏదైనా తిన్నా లెక్క మారిపోతుంది. నోరు వేరు, ఒళ్లు వేరు బావా.

కాబట్టి మీరు తూకాన్ని నమ్ముకోండి. పరుగుకి ముందోసారి, తర్వాతోసారి. తగ్గినదంతా నీళ్లే. మిషను ఆకుపచ్చ చూపించినా నిశ్చింతగా ఉండకండి, నాకు భయమంతా దాని గురించే. ఒళ్లు ఎండినా బాగుందని చెప్పి మోసం చేస్తుంది. అనుమానమొస్తే నీళ్లు తాగించెయ్యండి. నీళ్లు తాగి పాడైపోయినవాళ్లెవరు?

అక్కా, నీ పేరు చెప్పి అబద్ధం రాయలేను. నాలుక చాపు.

మరదలు


స్టేడియం వెనక వీధి,
ఎండ ముదిరింది

మరదలికి,

నువ్వు చెప్పింది అక్షరాలా నిజమైంది. ఆదివారం పెద్ద దూరం పరిగెత్తించాను. మధ్యలో రెండుసార్లు మిషను పెట్టి చూస్తే రెండుసార్లూ ఆకుపచ్చే. ఇంటికొచ్చి తూకం వేస్తే రెండు కిలోలు తగ్గింది. సాయంత్రమంతా తలనొప్పని దుప్పటి కప్పుకుని పడుకుంది. గొప్ప మిషనే!

అందుకని నాకు నేనే ఓ పద్ధతి పెట్టుకున్నాను. ఎరుపైతే తాగాలి. ఆకుపచ్చైనా తాగాలి. పందెం రోజున ప్రతి మజిలీ దగ్గరికీ నేను సైకిలు మీద ముందే వెళ్లి సీసా పట్టుకుని నించుంటాను. మీ అక్క సణుగుతోంది, కానీ వింటోంది. ఇన్నేళ్ల కాపురంలో నా మాట చెల్లింది ఇప్పుడే. కొంచెం గర్వంగా కూడా ఉంది, నవ్వకు.

నిన్న డిపోలో వాళ్లందరూ కలిసి ఆమెకి కొత్త బూట్లు కొనిచ్చారట. కండక్టరు, ఆ పొట్టాయన, ఏకంగా కళ్లనీళ్లు పెట్టుకున్నాడట. "మా బస్సులో సీటు దొరకనివాళ్లు ఇక మీ వెంట పరిగెత్తుకు రావచ్చు మేడమ్" అన్నాడట.

బావ

(కింద వేరే చేతిరాత)
చెల్లీ, ఈయన పోసే నీళ్లకి నేను పరిగెత్తక్కర్లేదు, ఈదుకుంటూ పోవచ్చు. బుగ్గలో నిమ్మబిళ్ల ఉంటే నాకు దాహమే వెయ్యదని ఎంత చెప్పినా వినడు. ఆదివారం అది మర్చిపోయి వెళ్లినందుకే ఆ తలనొప్పి. ఇన్నేళ్లూ బస్సు ఆ బిళ్లతోనే నడిపాను. అయినా పోనీలే, మనిషి భయపడుతున్నాడు. నీళ్లేగా, తాగేస్తాను. అమ్మని పందేనికి తీసుకురాకు, ఎండ. గెలిచొచ్చి నేనే కనిపిస్తా. గెలవడమంటే చివరిదాకా పడిపోకుండా రావడం.


మా ఇల్లు,
మిమ్మల్ని వదిలొచ్చిన తర్వాతి వారం

బావా,

క్షేమంగా చేరాం. దారంతా అమ్మ కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చుంది. ఒక్కసారి మాత్రం ఎదురొచ్చిన బస్సు చూసి, "ఆడమనిషి నడుపుతోందా?" అని అడిగింది. కాదన్నాను.

అక్క వెళ్లిపోయాక మీకు రాస్తున్న మొదటి ఉత్తరమిది. తింటున్నారా? అక్కడ ఉన్నన్ని రోజులూ జనం మధ్య మీతో నాలుగు మాటలు మాట్లాడలేకపోయాను. మీ చెవి దగ్గర గట్టిగా అరిచి అడిగే ప్రశ్నలు కావు నావి.

అక్క పందెంలో పడిపోయిందని, ఆసుపత్రికి చేర్చేలోపే స్పృహ పోయిందని, మర్నాటికి ప్రాణం పోయిందని మాత్రమే నాకు తెలుసు. ఎండదెబ్బ అని అందరూ అన్నారు. అసలేం జరిగింది? చెప్పగలిగినప్పుడే చెప్పండి, తొందర లేదు.

అమ్మది ఒకటే మాట. "అంతమంది ఉన్నారే, నా పిల్లకి గుక్కెడు నీళ్లు పోసే దిక్కు లేకపోయిందా?" లేచినా కూర్చున్నా అదే. మీరు నీళ్లు ఇచ్చారని చెప్పాను. సరిపోలేదేమో అంటుంది.

మరదలు


స్టేడియం వెనక వీధి

మరదలికి,

తింటున్నాను.

డిపోవాళ్లు వచ్చి వెళ్లారు. ఆమె బస్సుని వేరే ఆయనకిచ్చారట. ఆమె ఎత్తుకి సరిపోయేలా ముందుకి జరుపుకున్న సీటు, ఆయన వెనక్కి జరపబోతే బిగుసుకుపోయి కదల్లేదట. పొట్టాయన ఆ మాట చెప్పి నవ్వబోయి, నవ్వలేక, టీ తాగకుండానే వెళ్లిపోయాడు.

క్లబ్బుకి రానని చెప్పేశాను. అక్కడ పరుగు నేర్చుకునే పిల్లలు వచ్చి గుమ్మంలో నించుంటున్నారు. ఏవో అడుగుతున్నారు. వినపడలేదని చెయ్యి ఊపుతున్నాను.

ఏం జరిగిందని అడిగావు. ఎండ. పడిపోయింది. అంతే.

ఈ ఉత్తరంతో పాటు ఆ మిషనుని పంపుతున్నాను. ఆ రోజు ఆగిన ప్రతి చోటా ఎరుపే చూపించింది. ఒక్కసారి కూడా ఆకుపచ్చ రాలేదు. అది పాడైందో బాగుందో నువ్వు పరీక్ష చేసి చెప్పు. నాకు తెలియాలి.

బావ


ల్యాబ్, కింది అంతస్తు

బావా,

మిషను అందింది. మా దగ్గర కొలత తెలిసిన ఉప్పునీళ్లు ఉంటాయి, వాటిలో ముంచి చూశాను. ఒకసారి కాదు, చాలాసార్లు. ఎంత ఉండాలో అంతే చూపించింది. మిషను పాడవలేదు.

పాడైందని రాస్తే మీకు కొంచెం ఊరటేమో అనిపించింది. రాయలేకపోయాను.

తర్వాత ఇంకో పని చేశాను. ఒక నిమ్మబిళ్ల బుగ్గలో పెట్టుకుని, గ్లాసుల కొద్దీ నీళ్లు తాగి, నాలుక మీద ఆనించుకున్నాను. ఎరుపు. నోరు పుక్కిలించి కాసేపు ఆగి చూస్తే ఆకుపచ్చ. మిషనుకి ఒంట్లో నీళ్లు తెలియవు బావా. నోట్లో చిక్కదనమే తెలుసు. బిళ్ల చక్కెరైనా దానికి ఎండిపోయిన ఒళ్లే.

కొన్ని అడగాలి. జవాబు చెప్పాలనిపించకపోతే చెప్పకండి. ఆ రోజు అక్క బుగ్గలో బిళ్ల ఉందా? వాంతి చేసుకుందా? చేతులు, వేళ్లు వాచాయా? మీరు తూకం వేశారా?

మీరు జవాబు రాయకపోయినా నేనర్థం చేసుకుంటాను. అర్థం చేసుకుంటాను అంటే తప్పుపడతానని కాదు.

అమ్మ అన్నం సగానికి తగ్గించింది. నీళ్లయితే మాత్ర మింగడానికి ఒక గుటక, అంతే.

మరదలు


స్టేడియం వెనక వీధి,
వాన పట్టిన రోజు

అమ్మా మరదలా,

నీ ఉత్తరం చదివి మడిచి పెట్టాను. మళ్లీ తీశాను. ఇలా వారం గడిచింది. నీకు అన్నీ తెలిసిపోయాయి. అయినా నా నోటితో చెప్పాలి.

బిళ్ల ఉంది. మొదలుపెట్టేటప్పుడే బుగ్గలో వేసుకుంది. అయిపోయినకొద్దీ జేబులోంచి ఇంకోటి తీసుకుంది. నేను ఆపలేదు. మిషను పెట్టేముందు ఏమీ తినకూడదని దాని డబ్బా మీదే రాసుంది, నేను చదివాను కూడా. పందెంలో మనిషిని ఆపి పది నిమిషాలు ఎవరు కూర్చోబెడతారు?

మొదటి మజిలీలో ఎరుపు చూసి సీసా ఇచ్చాను, తాగింది. రెండోచోట కూడా ఎరుపే. ఇన్ని నీళ్లు తాగినా ఎరుపంటే ఎంత ఎండిపోతోందో అనుకున్నాను. తాగేకొద్దీ ఎరుపొస్తోంది, ఎరుపొచ్చేకొద్దీ పోస్తున్నాను. ఆమె వేగంగా పరిగెత్తేది కాదు, నీకు తెలుసుగా, ఆడుతూ పాడుతూ వచ్చేది. అంత చెమట కూడా పోలేదు. నీళ్లు మాత్రం పోస్తూనే ఉన్నాను.

సగం దాటాక చేతి వాచీ విప్పి నాకిచ్చేసింది, బిగుసుకుపోతోందని. నేను దాన్ని జేబులో వేసుకున్నాను. వేళ్ల వంక చూడలేదు. దీపం వంకే చూశాను.

ఆ తర్వాతి మజిలీలో "చాలు" అంది.

నాకు వినపడలేదు. కానీ పెదాలు చూశాను. ఇన్నేళ్లుగా ఆమె మాట నేను వినేది పెదాల మీదే. "చాలు, కడుపంతా నీళ్లే" అంది. నేను వినపడనట్టు చెవి మీద చెయ్యి పెట్టుకుని సీసా మూతి దగ్గర పెట్టాను. నవ్వి తాగేసింది. నా చెవుడు నాకు పనికొచ్చింది ఆ ఒక్కసారే.

తర్వాత తల పగిలిపోతోందంది. వాంతి చేసుకుంది, తెల్లటి నీళ్లు. పడిపోయింది. మందుల గుడారంలో వాళ్లు చూసేలోపే "ఎండిపోయింది, ఎండిపోయింది" అని నేనే అరిచాను. మిషను పెట్టి చూపించాను, ఎరుపు. నా మాట నమ్మి వాళ్లు సెలైన్ ఎక్కించారు. వాళ్లనేమీ అనకు.

ఆసుపత్రిలో ఓ కుర్ర డాక్టరు ఎన్ని నీళ్లు తాగిందని కాగితం మీద రాసి అడిగాడు. నేను సీసాలు గుర్తు తెచ్చుకుని చెబుతుంటే మధ్యలోనే చెయ్యెత్తి ఆపేశాడు. రక్తంలో ఉప్పు పలచబడిపోయిందని, దాంతో మెదడు వాచిందని చెప్పాడు. నాకు అక్కడే అర్థమైంది.

ఇంటి నిండా జనం ఉన్నప్పుడు ఎవరో "ఎండ ఎంత పని చేసింది" అన్నారు. అవును, ఎండే అన్నాను. ఆ మాట అప్పట్నుంచి నోట్లోనే ఉంది. మిషనుని నీకు పంపింది కూడా, అది పాడైందని నీతో అనిపించుకుందామనే.

బావ


మా ఇల్లు

బావా,

మిమ్మల్ని తిడుతూ రెండు కాగితాలు రాశాను. రెండూ చింపేశాను. రెండిట్లోనూ మధ్యకొచ్చేసరికి నా మాటే నాకు ఎదురొచ్చింది. "నీళ్లు తాగి పాడైపోయినవాళ్లెవరు" అని మీకు రాసింది నేను. మీరు ఇంత పెద్ద ఉత్తరం రాసి ఆ ఊసే ఎత్తలేదు. మర్చిపోయారని నేననుకోను.

నీళ్లు ఎక్కువైతే ప్రాణం మీదికొస్తుందని నాకు తెలుసు, చదువుకున్నాను. కానీ మీకు రాసేటప్పుడు నా కళ్లముందున్నది మంచంకోడు పట్టుకుని వంగిపోయిన అక్క. ఆ అక్క కోసమే ఆ మాట రాశాను. మీరూ ఆ అక్క కోసమే సీసా పట్టారు. అంతకన్నా నేనేం చెప్పలేను. మిమ్మల్ని క్షమించానని రాయడానికి నేనెవర్ని? నన్ను నేనేం చేసుకోవాలో కూడా తెలియట్లేదు.

ఇప్పుడు ఉన్నవాళ్ల సంగతి. అమ్మ పూర్తిగా మంచం పట్టింది. అన్నంలో పోసే చారు తప్ప నీళ్లు మానేసింది. మర్చిపోయి కాదు, పట్టుబట్టి. నిన్న గ్లాసు తెస్తే చేత్తో తోసేసింది. "నా పిల్ల నడిరోడ్డు మీద నాలుక పిడచకట్టుకుని పోతే నేను చల్లటి నీళ్లు తాగుతూ కూర్చోనా?" అంది. ముంజేతి మీద చర్మం పట్టుకుని వదిలితే మడత అలాగే నించుంటోంది. కళ్లు లోపలికి పోయాయి. ఇది చూడ్డానికి ఏ మిషనూ అక్కర్లేదు. ఆసుపత్రిలో సెలైన్ పెట్టిస్తే సూది పీకేసుకుంది, మళ్లీ తీసుకెళ్తానంటే కదలనని కూర్చుంది. ఇలాగైతే కిడ్నీలు ఎక్కువ రోజులు ఆగవన్నారు డాక్టరు.

అక్క దాహంతో పోలేదని అమ్మకి తెలియాలి. తెలిస్తే తాగుతుందేమో. కానీ దాహంతో పోలేదంటే మరెలా పోయిందని అడుగుతుంది. అడగకుండా ఊరుకునే మనిషి కాదు. అప్పుడు మీ పేరు చెప్పాలి. మీరు ఒప్పుకోకుండా నేను నోరు విప్పను. అమ్మకి మీరంటే కొడుకే. ఈ మాటతో ఆ కొడుకు కూడా పోతే ఎలా అని ఒక భయం.

మీరేమంటారు?

మరదలు


స్టేడియం వెనక వీధి

మరదలికి,

నువ్వు చెప్పకు. నేనే వస్తున్నాను. పొద్దున బస్సుకి.

బావ


స్టేడియం వెనక వీధి,
తిరిగొచ్చిన మర్నాడు

మరదలికి,

నిన్ను కలవకుండా వచ్చేసినందుకు కోపంగా ఉంటావు. నువ్వు ల్యాబుకెళ్లాక చెప్పాలని నేనే అనుకున్నాను. నువ్వు పక్కనుంటే నా తరఫున ఏదో ఒకటి సర్దిచెబుతావు. సర్దిచెప్పించుకోకూడదని వచ్చాను.

గదిలో ఏం జరిగిందో నీకు తెలియాలి కాబట్టి రాస్తున్నాను.

మీ అమ్మ గోడవైపు తిరిగి పడుకుని ఉంది. నేను మంచం పక్కన పీటేసుకుని కూర్చున్నాను. "అత్తయ్యా, నా చెవులు పనిచెయ్యవు, నా వైపు తిరిగి మాట్లాడండి" అన్నాను. తిరిగింది. ఎంత చిన్నదైపోయింది మనిషి!

"మీ అమ్మాయి దాహంతో పోలేదు" అన్నాను.

"ఎవరు చెప్పారు?"

"నేనే. నీళ్లు ఎక్కువై పోయింది. నేను తాగించాను."

ఆ మాట ఆవిడకి అర్థం కాలేదు. మళ్లీ మొదట్నుంచి చెప్పాను. మిషను, ఎర్రదీపం, సీసాలు, అన్నీ. గట్టిగా అరుస్తున్నానేమో తెలియదు, పక్కింటివాళ్లు కిటికీ మూశారు. "చాలు" అన్న మాట దగ్గరకొచ్చి ఆగాను. అది చెప్పకపోతే ఇంతదూరం వచ్చి ఏం లాభం అనిపించింది. అదీ చెప్పాను. పెదాలు చూసి కూడా విననట్టు నటించానన్నాను.

"కడుపునిండా తాగిందా?" అని అడిగింది.

"తాగింది అత్తయ్యా. ఎక్కువే తాగింది."

"విసుక్కుందా నీమీద?"

"లేదు. నవ్వింది."

కళ్లు మూసుకుంది. తర్వాత గుమ్మం వైపు వేలు చూపించింది. "బయటికి పో" అంది. ఆ మాట నేను పెదాల మీద చాలా స్పష్టంగా చదివాను.

వరండాలో కూర్చున్నాను. తలుపు వేసుకుంటే పిలిచినా వినపడదని తెరిచే ఉంచి, మంచం కనబడేలా కూర్చున్నాను. ఎండ నా కాళ్ల మీదికి వచ్చి, కాళ్ల మీంచి గోడెక్కింది. లేచి వెళ్లిపోదామనుకున్నాను. ఆవిణ్ణి ఒంటరిగా వదిలి ఎలా వెళ్లను?

చివరికి చెయ్యి ఎత్తి రమ్మంది. లోపలికి వెళ్లాను.

"నీళ్లియ్యి" అంది.

కుండలోంచి గ్లాసు ముంచాను. మీ అక్క పోయాక ఎవరికీ నీళ్లు అందించలేదు నేను. ఇంటికొచ్చినవాళ్లని కూడా మీరే తీసుకోండి అంటున్నాను. మంచం దగ్గరికి చేరేలోపే సగం నేలమీద పోయింది. "పక్కింటావిణ్ణి పిలుస్తాను, ఆవిడ తాగిస్తుంది" అన్నాను.

"ఎందుకు? ఆ చేత్తోనే ఇవ్వు" అంది. "నీకు ఇంకో చెయ్యి ఎక్కణ్ణుంచి తెస్తాం?"

తల కింద చెయ్యి పెట్టి లేపాను. తాగింది. చిన్న చిన్న గుక్కలు. ప్రతి గుక్కకీ నా వంక చూసింది. సగం తాగి గ్లాసు నా వైపు తోసింది. "నువ్వు తాగు" అంది. నేను వద్దన్నాను. "నీకు వినపడలేదా?" అంది. తాగాను.

నువ్వొచ్చే వేళకి నేను బస్సులో ఉన్నాను. ఆవిడ నన్ను క్షమించిందో లేదో నాకు తెలియదు. అడగను కూడా.

బావ


మా ఇల్లు,
వానలు తగ్గాయి

బావా,

కోపం వచ్చిన మాట నిజమే. వచ్చేసరికి ఇల్లు ఖాళీగా, నేల తడిగా, అమ్మ మంచం మీద లేచి కూర్చుని ఉంది. "ఆయనేమన్నాడే?" అని నన్నే అడిగింది, మీరేం చెప్పారో నాకు ముందే తెలుసా లేదా అని చూడ్డానికి. తెలుసన్నాను. నేను రాసిన మాట కూడా చెప్పేశాను. అమ్మ నా తల మీద చెయ్యి వేసి, చాలాసేపు తియ్యలేదు. ఆ చెయ్యి ఎంత తేలికగా ఉందో!

అమ్మ తాగుతోంది. ఎక్కువ కాదు. నేను బలవంతం చెయ్యట్లేదు. కిడ్నీలు కొంత దెబ్బతిన్నాయి, అవి పూర్తిగా మామూలవ్వవన్నారు. నడుస్తోంది మాత్రం. మీ గురించి రోజూ అడగదు. అడిగిన రోజున "తింటున్నాడా?" అనే అడుగుతుంది. ఒకరోజు మాత్రం "వాడి మొహం చూడాలని లేదు" అంది. నేను మీకు అబద్ధం రాయను, అందుకే ఇది కూడా రాస్తున్నాను. రెండూ నిజమే.

మా రిపోర్టు వెళ్లిపోయింది. గుంపు మొత్తాన్ని చూడ్డానికి ఆ మిషను పనికొస్తుంది గానీ, పరిగెత్తుతున్న ఒక్క మనిషికి నీళ్లు ఇవ్వాలా వద్దా తేల్చడానికి పనికిరాదని రాశాను. అది రెండువైపులా తప్పుతుందని, నీళ్లు ఎక్కువైనవాళ్లని కూడా ఎండిపోయారని చెప్పగలదని రాశాను. పై ఆఫీసరు ఆ వాక్యం మెత్తబరచమన్నాడు. మెత్తబరచలేదు. అందులో అక్క ఊసు ఎత్తలేదు. మీరు క్లబ్బుకి మళ్లీ వెళ్తారో లేదో మీ ఇష్టం. వెళ్తే మాత్రం ఆ పిల్లలకి చెప్పండి, దాహం వేస్తేనే తాగమని, చాలనిపిస్తే ఆపెయ్యమని. మీరు చెబితే వింటారు.

ఇంకో సంగతి మీకు ఇంతవరకు రాయలేదు. అక్క పోయిన రోజునుంచీ అమ్మ కంట్లోంచి చుక్క రాలలేదు. మాట్లాడేది, తిట్టేది, గోడవైపు తిరిగి పడుకునేది. ఏడవడం మాత్రం చూడలేదు నేను. గుండె రాయి చేసుకుందని అందరూ అన్నారు. నేనూ అదే అనుకున్నాను.

నిన్న సాయంత్రం వంటగదిలో బల్ల దగ్గర కూర్చుని కూర తరుగుతోంది. ముక్కు ఎగబీలుస్తుంటే ఉల్లిపాయలేమో, ఇటివ్వు నేను తరుగుతానంటూ వెళ్లాను. బల్ల మీద ఉన్నవి బంగాళాదుంపలు. కన్నీళ్లు చెంపల మీంచి కారి, గడ్డం దగ్గర చేరి, తరిగిన ముక్కల మీద పడుతున్నాయి. కత్తి ఆపలేదు, కళ్లు తుడుచుకోలేదు.

నేను ఇంకో కుర్చీ లాక్కుని పక్కన కూర్చున్నాను. నీళ్లు కావాలా అని అడగలేదు.

మరదలు